బాలింతల బంధువు సెమ్మెల్వైసు

ఆస్ట్రియా దేశపు రాజధానియైన వియన్నా నగరమున ఒక గొప్ప ఆసుపత్రి కలదు. దానిని 1784వ సంవత్సరమున జోసెఫ్ చక్రవర్తి నెలకొల్పెను. పురుడు పోసుకొనుటకు వచ్చు నిరుపేద స్త్రీల కొరకు పందొమ్మిదవ శతాబ్ది నడుమ అందు రెండు ప్రసూతి విభాగములుండెను. మొదటి విభాగమున వైద్యవిద్యార్థులును, రెండవ విభాగమున మంత్రసాని పని నేర్చుకొను స్త్రీలును శిక్షణ పొందుచుండిరి. ఒకనాడు వచ్చినవారిని మొదటి విభాగమునను, మరునాడు వచ్చినవారిని రెండవ విభాగమునను చేర్చుకొనుట అక్కడి నియమము.

ఆ ఆసుపత్రి వాకిట ఒక విచిత్రమైన దృశ్యము తరచుగా కానవచ్చుచుండెను. నొప్పులు పడుచు వచ్చిన స్త్రీ, ఆనాడు తన్ను మొదటి విభాగమున చేర్చుకొందురని తెలిసినంతనే మోకాళ్లపై వ్రాలి, తన్ను రెండవ విభాగమునకు పంపవలసినదని కన్నీటితో వేడుకొనుచుండెను. కొందరు దారిలో వీధియందే ప్రసవించి, బిడ్డను ఒడిలో పెట్టుకొని ఆసుపత్రికి వచ్చుచుండిరి. మొదటి విభాగమున చేరిన బాలింతలలో పెక్కుమంది తిరిగి యిల్లు చేరరని ఆ పేద స్త్రీలకు తెలియును. వైద్యులకును తెలియును. కారణము మాత్రము ఎవ్వరికిని తెలియదు.

వారిని బలిగొనుచున్న వ్యాధి పేరు సూతికా జ్వరము. మన పల్లెలలో దానిని బాలింత జ్వరమందురు. ప్రసవమైన రెండు మూడు దినములకు వణకుతో జ్వరము వచ్చును. కడుపు ఉబ్బి, తాకినంతనే ఓర్వరాని బాధ కలుగును. నాడి వడివడిగా కొట్టుకొనును. వారము దినములు గడువక మునుపే తల్లి కన్నుమూయును. ఒక్కొక్కప్పుడు ఆమె బిడ్డయు ఆమె వెంటనే పోవును.

1846వ సంవత్సరము జూలై మొదటి తేదీన ఇగ్నాజ్ సెమ్మెల్వైసు అను యువకుడు ఆ మొదటి విభాగమున సహాయవైద్యుడుగా చేరెను. ఆనాటికి ఆయనకు సరిగా ఇరువది యెనిమిదేండ్లు నిండెను.

ఆయన జన్మస్థలము హంగెరీలోని బూడా పట్టణము. డాన్యూబు నదికి ఒక యొడ్డున బూడా, ఎదుటి యొడ్డున పెస్టు ఉండెను. ఆ రెండును కలిసి నేడు బుడాపెస్టు మహానగరమైనవి. హంగెరీ ఆనాడు ఆస్ట్రియా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. సెమ్మెల్వైసు తండ్రి పచారీ సరకుల వర్తకుడు. చేతినిండ వ్యాపారము గలవాడు. 1818 జూలై 1వ తేదీన పుట్టిన ఇగ్నాజ్ ఆయనకు ఐదవ సంతానము. న్యాయశాస్త్రము చదువుటకై ఆ బాలుడు 1837లో వియన్నాకు పోయెను. కాని మరుసటి సంవత్సరమే ధర్మశాస్త్ర గ్రంథములను కట్టిపెట్టి వైద్యవిద్యార్థులలో కలిసెను. 1844లో పట్టము పొందెను.

ఆ రోజులలో వియన్నా వైద్యకళాశాల ఐరోపాయందంతటను ప్రసిద్ధి కెక్కియుండెను. అందు రోకిటాన్‌స్కీ అను ఆచార్యుడు వేలకొలది శవములను కోసి పరీక్షించి, ఏ వ్యాధి శరీరమున ఏ అవయవమునకు ఎట్టి మార్పు కలిగించునో నిర్ణయించుచుండెను. ష్కోడా అను మరియొక ఆచార్యుడు రోగి రొమ్మును వ్రేలితో తట్టి, ధ్వనినిబట్టి లోపలి రోగమును గుర్తించుటలో దిట్ట. చర్మవ్యాధులలో నిపుణుడైన హెబ్రా యువకుడు. వీరు మువ్వురును సెమ్మెల్వైసునకు గురువులును మిత్రులును అయిరి. ఊహలపై ఆధారపడక కంటితో చూచి, లెక్కించి, పోల్చి సత్యమును తేల్చవలెనను పద్ధతి ఆయనకు వారివలననే అలవడెను.

ప్రసూతి విభాగమున అడుగుపెట్టిన సెమ్మెల్వైసు మొట్టమొదట చేసిన పని లెక్కలు చూచుట. 1841 మొదలు 1846 వరకు ఆరు సంవత్సరములలో మొదటి విభాగమున 20,042 పురుళ్లు జరిగెను. 1,989 మంది తల్లులు మరణించిరి. అదే కాలమున రెండవ విభాగమున 17,791 పురుళ్లు జరుగగా 691 మంది మరణించిరి. అనగా మొదటి విభాగమున నూటికి పదుగురు చొప్పునను, రెండవదానియందు నూటికి నలుగురు చొప్పునను చనిపోయిరన్న మాట. 1846 ఒక్క సంవత్సరమునే చూచినచో భేదము ఇంకను ఘోరముగా నుండెను. మొదటి విభాగమున నూటికి పదునొకరికి మించి పోగా, రెండవ విభాగమున మువ్వురైనను పోలేదు.

ఒకే కప్పు క్రింద, ఒకే ద్వారమునకు ఇరుప్రక్కల నున్న రెండు విభాగములకు ఇంత భేదమేల? ఆ ప్రశ్న ఆయనకు అన్నము సహింపనీయలేదు, నిదుర పట్టనీయలేదు.

నాటి వైద్యులు సూతికా జ్వరమునకు గాలి కారణమని నమ్ముచుండిరి. ఆకాశమందును భూమియందును కలుగు మార్పులచేత గాలి చెడి, బాలింతలను పట్టి పీడించునని వారి యభిప్రాయము. గాలి చెడినచో అది మొదటి విభాగమునకు వచ్చి, ప్రక్కగదిలోనికి పోకుండ ఎట్లు ఆగునని సెమ్మెల్వైసు తర్కించెను. నగరమున ఇండ్లలో ప్రసవించువారికి ఈ యుపద్రవము లేదు. వీధిలో ప్రసవించి వచ్చినవారికిని ఇంతగా లేదు. వారుమాత్రము ఆ గాలిని పీల్చలేదా?

జనసమ్మర్దము కారణమని కొందరనిరి. కాని ప్రాణభయముతో స్త్రీలు రెండవ విభాగమునకే ఎగబడుటచేత అందే సమ్మర్దము హెచ్చుగా నుండెను. ఆహారమును పడకలును రెండింటను ఒక్కటే. మరణించుచున్న రోగికి తుది ప్రార్థన చేయుటకై మతాచార్యుడు గంట మ్రోగించుచు మొదటి విభాగపు గదులన్నిటి గుండ నడచిపోవుననియు, ఆ గంట చప్పుడునకు బాలింతల గుండెలు బెదరి జ్వరము వచ్చుననియు ఒక వాదముండెను. సెమ్మెల్వైసు దానిని సైతము త్రోసిపుచ్చలేదు. గంట మ్రోగింపక వేరొక దారిని రావలసినదని మతాచార్యుని ప్రార్థించెను. ఆయన అట్లే చేసెను. మరణములు తగ్గలేదు. రెండవ విభాగమున స్త్రీలు ప్రక్కకు ఒత్తిగిలి ప్రసవింతురనియు, మొదటిదానియందు వెల్లకిల పరుండి ప్రసవింతురనియు తెలిసికొని, తన విభాగమున ఆ పద్ధతిని మార్చి చూచెను. దానివలనను లాభము కలుగలేదు.

ఇంకొక సంగతి ఆయన కంటబడెను. మొదటి విభాగమున బాలింతలు విడివిడిగా గాక, ప్రక్కప్రక్క మంచములవారు వరుసగా జబ్బుపడుచుండిరి. రెండవ విభాగమున అట్లు వరుసలు లేవు. వైద్యుడును విద్యార్థులును రోగులను పరీక్షించుచు పోవునది మంచముల వరుసనుబట్టియే కదా! ఆ సంగతి అప్పటికి ఆయన మనసున తట్టలేదు.

చనిపోయిన ప్రతి బాలింత శరీరమును సెమ్మెల్వైసు స్వయముగా కోసి పరీక్షించుచుండెను. ప్రతిదినమును ఉదయమున శవపరీక్షాగృహమునకు పోయి, అక్కడి పని ముగించుకొని, తరువాత ప్రసూతి విభాగమునకు వచ్చి, విద్యార్థులతో కూడ గర్భిణులను పరీక్షించుట ఆయన దినచర్య. వ్యాధి కారణమును కనుగొని తల్లులను రక్షింపవలెనను తపనయే ఆయనను ప్రతి ఉదయమును శవాలయమునకు పంపుచుండెను. ఆ తపన చేయుచున్న పని యేమో ఆయనకు ఇంకను తెలియదు.

1847 మార్చి నెలలో, అలసిన మనస్సునకు కొంత ఊరట కలుగునని, మిత్రులతో కలిసి ఆయన వెనిస్ నగరమునకు పోయి అక్కడి చిత్రపటములను చూచి వచ్చెను. మార్చి 20వ తేదీన తిరిగి వియన్నాలో పనిలో చేరగానే ఒక దుర్వార్త ఆయన చెవిని బడెను. ఆయనకు ప్రియమిత్రుడగు ఆచార్య కొలెచ్కా ఆ నెల 13వ తేదీన మరణించెను. శవపరీక్ష చేయుచుండగా ప్రక్కనున్న విద్యార్థి చేతి కత్తి ఆయన వ్రేలికి గ్రుచ్చుకొనెను. గాయము చిన్నదే. కాని చేయి వాచి, జ్వరము వచ్చి, శరీరమంతయు విషమెక్కి కొలది దినములలో ఆ విద్వాంసుడు కన్నుమూసెను.

సెమ్మెల్వైసు దుఃఖము నాపుకొని, మిత్రుని శవపరీక్షా పత్రమును తెప్పించి చదివెను. చదువుచున్నకొలదియు ఆయన నిశ్చేష్టుడయ్యెను. రొమ్మున చీము, కడుపున చీము, మెదడు పొరలయందు వాపు! ఆ పత్రముపై పేరు తీసివేసినచో అది సూతికా జ్వరముతో చనిపోయిన బాలింత పత్రమని ఏ వైద్యుడైన చెప్పును. వందలకొలది బాలింతల శరీరములలో తాను చూచిన మార్పులన్నియు తన మిత్రుని శరీరమునను కలవు. కొలెచ్కా పురుషుడు. ఆయనకు ప్రసూతి లేదు, గంట చప్పుడు లేదు, చెడుగాలి లేదు. ఆయనను చంపినది కత్తిమొనకు అంటియున్న శవమాలిన్యము.

అప్పుడు ఇంతకాలమును విడివిడిగా నున్న సంగతులన్నియు ఒక్క త్రాటిపైకి వచ్చెను. కొలెచ్కా రక్తములోనికి విషమును కత్తి చేర్చినది. బాలింతల రక్తములోనికి చేర్చుచున్నదేది? చేయి. శవములను తాకి, అదే చేతితో ప్రసవవేదన పడుచున్న స్త్రీని పరీక్షించు వైద్యుని చేయి. ప్రసవ సమయమున గర్భాశయపు లోపలి భాగమంతయు పచ్చిపుండు వలె నుండును. దాని నంటిన మాలిన్యము నేరుగా నెత్తురులో కలియును. రెండవ విభాగపు మంత్రసానులు శవములను తాకరు; కనుకనే అచ్చటి తల్లులు బ్రతుకుచున్నారు. వీధిలో ప్రసవించినవారిని ప్రసవమునకు ముందు ఎవ్వరును పరీక్షింపరు. కనుక వారును బ్రతుకుచున్నారు.

ఆయన ఆసుపత్రి పాత లెక్కలను త్రవ్వి తీసెను. 1784 మొదలు 1822 వరకు, విద్యార్థులకు శవములతో ప్రసూతిశాస్త్రము నేర్పని ఆ కాలమున, సూతికా మరణములు నూటికి ఒకటికి కొంచెము మించి యుండెను. శవపరీక్ష చదువులో భాగమైన పిదప అవి పలురెట్లు పెరిగెను. 1840లో విద్యార్థులను మంత్రసానులను వేరుచేయువరకు రెండు విభాగములలోను మరణములు సమానముగా నుండెను. వేరుచేసిన నాటినుండి మొదటి విభాగమే శ్మశానమయ్యెను. విజ్ఞానము పెరిగినకొలది మరణములును పెరుగుట ఎంతటి విపరీతము!

ఈ నిర్ణయమునకు వచ్చినప్పుడు సెమ్మెల్వైసు పడిన మనోవేదన ఇంతంత కాదు. ఇతరులకంటె హెచ్చుగా శవపరీక్షలు చేసినవాడు ఆయనయే. కనుక ఇతరులకంటె హెచ్చుమంది తల్లుల మరణమునకు కారణమైనవాడును తానే యని ఆయన గ్రహించెను. తన మూలమున అకాలమృత్యువు పాలైన వారి సంఖ్య భగవంతునికే తెలియునని తరువాత తన గ్రంథమున దాపరికము లేక ఒప్పుకొనెను. తాను చేసిన తప్పును తానే వెదకి పట్టుకొని లోకమునకు చాటిన వైద్యులు చరిత్రలో అరుదు.

ఇక చేయవలసిన దేమి? శవపరీక్ష ముగించి సబ్బుతో చేతులు కడిగినను శవపు దుర్వాసన పోదు. వాసన యున్నంతవరకు మాలిన్య మున్నట్లే యని ఆయన యోచించెను. ఆ వాసనను పోగొట్టునది క్లోరిన్. 1847 మే నెల నడుమ ఆయన ప్రసూతి విభాగపు ద్వారమువద్ద క్లోరిన్ నీటి పాత్ర నుంచెను. కొంతకాలమునకు, ఖర్చు తగ్గుటకై, క్లోరిన్ కలిసిన సున్నపు నీటిని వాడించెను. నేడు మన గ్రామములలో బావులయందు చల్లు బ్లీచింగ్ పౌడరు ఇట్టిదే. ఆచార్యుడు గాని, విద్యార్థి గాని, ఎవ్వరైనను ఆ నీటితో చేతులు బాగుగ తోముకొనక గర్భిణిని తాకరాదని శాసించెను. చేతులు మండినవి, చర్మము బిరుసెక్కినది, విద్యార్థులు సణిగిరి. ఆయన వినలేదు.

ఏప్రిల్ నెలలో 312 పురుళ్లకు 57 మరణములు జరిగియుండెను. మే నెలలో 294కు 36. చేతులు కడుగుట పూర్తిగా అమలులోనికి వచ్చిన జూన్ నెలలో 268 పురుళ్లకు 6 మరణములు. జూలైలో 250 పురుళ్లకు మూడే. మరుసటి సంవత్సరము 1848లో 3,556 మంది ప్రసవింపగా 45 మంది మాత్రమే చనిపోయిరి. ఆ సంవత్సరమున మార్చి, ఆగస్టు నెలలలో ఒక్క తల్లియైనను మరణింపలేదు. మొదటి విభాగమును చూచి మోకరిల్లి యేడ్చుటకు స్త్రీలకు ఇక కారణము లేకపోయెను.

నడుమ ఒక విషాదము జరిగెను. 1847 అక్టోబరు నెలలో గర్భాశయమున క్యాన్సరు పుండు గల స్త్రీ యొకతె విభాగమున చేరెను. ఆమె మంచము వరుసలో మొదటిది. వైద్యులు క్లోరిన్ నీటితో చేతులు కడుగుకొని ఆమెను పరీక్షించి, తరువాత సబ్బుతో మాత్రమే కడుగుకొని వరుసగా మిగిలినవారిని పరీక్షించిరి. అప్పుడు ప్రసవించిన పండ్రెండుగురిలో పదునొకండుగురు మరణించిరి. విషము శవమునుండియే గాక, బ్రతికియున్న రోగి పుండునుండియు సంక్రమించునని సెమ్మెల్వైసు నేర్చుకొనెను. నాటినుండి ఒక్కొక్క రోగికిని నడుమ చేతులు కడుగవలెనని నియమము పెట్టెను. పనిముట్లను సైతము శుభ్రపరుపించెను.

శవమును తాకినవారు, శ్మశానమునకు పోయివచ్చినవారు స్నానము చేసిగాని ఇంట అడుగిడరాదను ఆచారము మన యిండ్లలో ఎన్నడో కలదు. వియన్నా పండితులు ఆపాటి యెరుగరా యని మనము చిన్నచూపు చూడనక్కరలేదు. కారణము తెలియని ఆచారము ఒకచోట కాపాడును, మరియొకచోట విడిచిపెట్టును. పురిటి గదిలో కొడవలితో బొడ్డు కోసిన కాలమున మన దేశమునను తల్లులు, బిడ్డలు అసంఖ్యాకముగా పోయిరి.

ఇంతటి ఫలితమును చూచిన పిదప లోకమంతయు సెమ్మెల్వైసును నెత్తిన పెట్టుకొనియుండునని తలంతుము. అట్లు జరుగలేదు. హెబ్రా తన వైద్యపత్రికలో ఈ సంగతిని ప్రకటించెను. ష్కోడా విద్వత్సభలో ప్రసంగించెను. కాని పెద్దలు పలువురు పెడచెవిని బెట్టిరి. విభాగాధిపతియైన ఆచార్య క్లైను తన సహాయకుని మాటను సహింపలేదు. అంటుకొనునది ఏదో కంటికి చూపుమని కొందరడిగిరి. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి తెలియకుండుటచే ఆయన చూపలేకపోయెను. అన్నిటికంటె మించినది మరియొకటి: ఆయన మాటను అంగీకరించినచో, ఇంతకాలమును తమ చేతులతో తామే తల్లులను చంపితిమని ప్రతి ప్రసూతివైద్యుడును ఒప్పుకొనవలసి వచ్చును. అది పెద్దమనుష్యులకు మింగుడుపడని మాట.

తప్పు ఒక్క ప్రక్కనే లేదు. సెమ్మెల్వైసునకు వ్రాత యనిన వెగటు. మిత్రులెంత వేడినను తన పరిశోధనను సకాలమున గ్రంథముగా వ్రాయలేదు. అందుచేత దూరదేశపు వైద్యులకు ఆయన సిద్ధాంతము అరకొరగా చేరెను. శవములవలన మాత్రమే వ్యాధి వచ్చునని ఆయన చెప్పినట్లు కొందరు అపార్థము చేసికొనిరి. ఆ పదమూడు సంవత్సరముల మౌనమునకు ఎన్ని కుటుంబములు మూల్యము చెల్లించెనో లెక్కింపజాలము.

1848లో వియన్నాలోను హంగెరీలోను విప్లవము చెలరేగి, అణచివేయబడెను. 1849లో సెమ్మెల్వైసు ఉద్యోగకాలము ముగియగా క్లైను దానిని పొడిగింపలేదు. 1850లో బోధకుడుగా అనుమతి వచ్చినదికాని, నిజమైన రోగులను గాక బొమ్మనుంచుకొని మాత్రమే బోధింపవలెనని అందొక షరతుండెను. ఆ అవమానమునకు తాళలేక, తనను కన్నకొడుకువలె చూచుకొన్న గురువులకైనను చెప్పక, ఆయన వియన్నా విడిచి స్వదేశమునకు వెడలిపోయెను.

పెస్టు నగరమున సెయింట్ రోకస్ ఆసుపత్రి యని యొకటి కలదు. ఆయన దానిని చూడబోయినప్పుడు ప్రసూతి గదిలో ఒక బాలింత శవమై యుండెను; ఒకతె కొనయూపిరితో నుండెను; నలుగురు జ్వరముతో మూల్గుచుండిరి. ఆ గదిని పర్యవేక్షించు వైద్యుడు శస్త్రచికిత్సా విభాగమునకును అధిపతి. చీము పుండ్లను కోసిన చేతితోనే ఆయన బాలింతలను చూచుచుండెను. 1851లో సెమ్మెల్వైసు జీతము లేకయే ఆ విభాగమును స్వీకరించెను. ఆరేండ్ల లోపల అందు జరిగిన 933 పురుళ్లలో సూతికా జ్వరముతో మరణించినవారు ఎనమండుగురు మాత్రమే. 1855లో ఆయన పెస్టు విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రాచార్యుడయ్యెను. అక్కడ ఉతకని దుప్పట్లే మరల పరచుటవలన జ్వరము పొడసూపగా, అధికారులతో పోట్లాడి శుభ్రమైన దుప్పట్లు తెప్పించెను. 1857లో మేరియా వైడెన్‌హోఫరు అను కన్యను వివాహమాడెను. జూరిక్ నగరమునుండి ఆచార్యపదవికి పిలుపు వచ్చినను స్వదేశమును విడువలేదు.

ఎట్టకేలకు 1861లో సూతికా జ్వరమును గూర్చిన ఆయన గ్రంథము వెలువడెను. అందు సత్యమున్నది, లెక్కలున్నవి, కాని కోపమును చాలగ నున్నది. ఐరోపాలోని పెద్ద వైద్యులు దానిని మెచ్చుకొనలేదు. జర్మనీలో మహాశాస్త్రజ్ఞుడని పేరొందిన వీర్ఖో సైతము ఒప్పుకొనలేదు. అంతట సెమ్మెల్వైసు సహనము నశించెను. తన్నెదిరించిన ఆచార్యులకు బహిరంగ లేఖలు వ్రాసి అచ్చువేయించెను. చేతులు కడుగుకొనక తల్లులను చంపుచున్నవారు హంతకులేయని అందు నిష్కర్షగా నిందించెను. ఆయన చెప్పినది అబద్ధము కాదు. కాని తిట్టబడిన వానికి చెవులు మూసికొనిపోవును. లేఖలవలన శత్రువులు పెరిగిరే కాని శిష్యులు పెరుగలేదు.

వీధిలో యువదంపతులు కనబడినచో వారి నాపి, పురుటి వేళ వైద్యుని చేతులు క్లోరిన్ నీటితో కడిగించుడని చెప్పుచుండెనట. నలువది యేడేండ్లకే వృద్ధుడైపోయెను; మతి చలించెను. 1865 జూలై చివర, ఒక క్రొత్త ఆసుపత్రిని చూతము రమ్మని మభ్యపెట్టి ఆయనను వియన్నాకు తీసికొనిపోయి పిచ్చివారి ఆసుపత్రిలో చేర్చిరి. రైలు దిగువేళ ఎదురువచ్చి తోడ్కొనిపోయినది పాతమిత్రుడు హెబ్రాయే. సంగతి గ్రహించి పారిపోబోయిన ఆయనను కాపలావాండ్రు చావమోదిరి. దేహమున గాయములు కుళ్లెను. విషము నెత్తురున కలిసెను. ఆగస్టు 13వ తేదీన ఆయన మరణించెను. కొలెచ్కాను చంపినదియు, వేలమంది బాలింతలను చంపినదియు ఏ వ్యాధియో ఆయనను చంపినదియు అదియే.

అంతకు సరిగా ఒకదినము ముందు, ఆగస్టు 12వ తేదీన, స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు అను శస్త్రవైద్యుడు బండి క్రిందపడి కాలు విరిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు కార్బాలిక్ ఆమ్లముతో తడిపిన కట్టు కట్టెను. గాయము చీముపట్టక మానెను. లిస్టరునకు అప్పటికి సెమ్మెల్వైసు పేరైనను తెలియదు. 1879లో పారిస్ విద్వత్సభలో ఒక వైద్యుడు సూతికా జ్వరమునకు వేరేవో కారణములు చెప్పుచుండగా లూయీ పాశ్చరు లేచి, నల్లబల్లపై పూసలదండవలె నున్న సూక్ష్మజీవిని గీచి చూపెను. సెమ్మెల్వైసు శత్రువులు కంటికి చూపుమని యడిగినది దానినే.

చేతులు కడుగుట జ్వరము రాకుండ ఆపునుగాని, వచ్చిన జ్వరమును తగ్గింపజాలదు. దానికి మందు దొరకుటకు ఇంకను అరువది సంవత్సరములు పట్టెను. జర్మనీలో డోమాక్ అను శాస్త్రజ్ఞుడు ప్రాంటోసిల్ అను ఎఱ్ఱరంగు మందును 1935లో ప్రకటించెను. లండన్ నగరపు ప్రసూతి ఆసుపత్రిలో కోల్‌బ్రూకు అను వైద్యుడు దానిని సూతికా జ్వరము వచ్చిన బాలింతలకిచ్చి, పెక్కుమందిని మృత్యుముఖమునుండి మరల్చెను. పిదప పెనిసిలిన్ వచ్చెను. భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలో కనుగొనబడిన ఆరియోమైసిన్ 1948లో వెలువడెను.

నేడు గర్భాశయమును తొలగించునప్పుడుగాని, కడుపు కోసి బిడ్డను తీయునప్పుడుగాని వైద్యులు చేతులు కడుగుకొని, ఉడికించిన పనిముట్లు వాడుటతో తృప్తిపడరు. ఆ భాగమున సహజముగానే సూక్ష్మజీవులు నివసించును. కోతపడినంతనే అవి గాయములోనికి చొచ్చుకొనిపోవచ్చును. అందుచేత కోత పెట్టుటకు ముందు, సాధారణముగా గంట లోపల, నరముద్వారా ఒక మోతాదు ఆంటీబయాటిక్ మందు నెక్కింతురు. కత్తి తగులువేళకు మందు నెత్తురునందును కండరములందును సిద్ధముగా నుండవలెను. సూక్ష్మజీవులు స్థిరపడిన తరువాత ఇచ్చినచో అంత ఫలము లేదు. సామాన్యముగా ఆ ఒక్క మోతాదే చాలును. అక్కరలేక దినములకొలది వాడినచో ఆ మందునకు లొంగని సూక్ష్మజీవులు బలియును. అట్టివి నేడు ఆసుపత్రులలో పెరుగుచుండుటచే, మందు నెక్కించు వైద్యుడును ముందుగా నీళ్లవద్దకే పోవుచున్నాడు.

సెమ్మెల్వైసును మొదట వియన్నాలోనే పాతిపెట్టిరి. అంత్యక్రియలకు వచ్చినవారు కొలదిమంది. 1891లో ఆయన అస్థికలను బుడాపెస్టునకు తెచ్చిరి. 1964లో వానిని డాన్యూబు ఒడ్డునకు దాపున, ఆయన పుట్టిన యింటికి చేర్చిరి. వెనుక పచారీ సరకులమ్మిన ఆ యిల్లు ఇప్పుడు వైద్యచరిత్రకు సంబంధించిన ప్రదర్శనశాల.